యంత్రం మేలుకోనప్పుడు మాట్లాడే భాష



తెర మీద తెలుగు అక్షరం కనబడటమే ఒక పండుగగా ఉన్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. 1991 నాటి యూనికోడ్ తొలి కూర్పులోనే మన లిపికి చోటు దక్కింది గాని, ఆ చోటు మన ఇళ్లలోని యంత్రాల దాకా రావడానికి పదేళ్లు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఖతి వచ్చింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఖతులను తీర్చిదిద్ది అందరికీ ఉచితంగా అందించారు. రెడ్‌హ్యాట్ సంస్థ లోహిత్ ఖతులను విడుదల చేసింది. 2006లో లేఖిని వచ్చి మన చేతికి కలం ఇచ్చింది. ఈ చరిత్రను మనవారు చాలామంది వ్రాశారు. నేను వ్రాయదలచినది ఆ తెలుగు తెర వెలగడానికి ముందు కనబడే నల్లని తెర చరిత్ర. లినక్స్ వంటి స్వేచ్ఛా నిర్వాహక వ్యవస్థను మూలం నుండి కట్టుకొనేటప్పుడు, కట్టినదానిని మేలుకొలిపేటప్పుడు వచ్చే చిక్కుల చరిత్ర.

మీట నొక్కిన క్షణం నుండి తెలుగు తెర ప్రత్యక్షమయ్యే దాకా గడిచే ఆ కాస్త సమయంలో యంత్రం మనతో తెలుగులో మాట్లాడదు. అప్పుడు ఏ చిక్కు వచ్చినా నల్లని తెర మీద తెల్లని ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరుతాయి. అనగా, ఒంట్లో కులాసాగా ఉన్నంతసేపే అది తెలుగు మాట్లాడుతుంది. జబ్బు పడితే ఇంగ్లీషులో మూలుగుతుంది. తెలుగు మాధ్యమంలో చదువుకున్నవాడికి తోడు కావలసిన ఘడియలోనే భాష చెయ్యి విడుస్తుంది.

ఇది ఎవరో తెలుగు మీద కక్షతో చేసిన పని కాదు. తొలినాళ్ల పీసీ తెర అడ్డంగా 80, నిలువుగా 25 గడులుగా ఉండేది. ఒక్కొక్క గడిలో ఒక్క అక్షరం. అక్షరాల పెట్టెలో 256 బొమ్మలకు చోటు. రంగులలో కొంత వదులుకుంటే 512. లినక్స్ కన్సోలు ఆ కొలతకే అలవాటు పడి పెరిగింది. ఇంగ్లీషుకు ఆ పెట్టె ధారాళంగా సరిపోతుంది. మన ‘లక్ష్మి’లోని ‘క్ష్మి’ని తీసుకోండి. ఒక హల్లు, దానికింద ఒక వత్తు, ఆపైన ఇంకొక వత్తు, నెత్తిన గుడి. ఇది ఎనిమిది చుక్కల వెడల్పున్న గడిలో ఒదగదు. ఒదిగించినా, ఏ వత్తు ఏ హల్లు కింద చేరాలో తేల్చే తెలివి ఆ కన్సోలుకు లేదు. ఆ తెలివి ఉన్న పాంగో, హార్ఫ్‌బజ్ వంటి అమరికలు చిత్రరూప తెర లేచిన తరువాత గాని పనిచేయవు. ఆ తెర లేవకముందే కూలితే తెలుగుకు నోరు లేదు.

దీని బరువు ఎంతో నాకు 2005 ప్రాంతంలో తెలిసింది. నా దగ్గర పదవ తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన కల్యాణదుర్గం వైపు కుర్రవాడు ఒకడు ఇంజనీరింగు కళాశాలలో చేరాడు. తండ్రి ఆ ఏటి శెనక్కాయ డబ్బులో సింహభాగం పెట్టి వాడికి ఒక పాత కంప్యూటరు కొనిచ్చాడు. ఏటికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల మాది. శెనక్కాయ డబ్బు అంటే ఏమిటో ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు. వాడు లినక్స్ పెట్టుకున్నాడు, పుస్తకం చూసి కొత్త కెర్నెల్ కట్టుకున్నాడు, యంత్రాన్ని తిరిగి లేపాడు. అది లేవలేదు. నెలరోజులు తండ్రికి చెప్పకుండా దాచి, చివరకు ఒక కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. తెర మీద కనబడిన చివరి వరుసను ఆ కాగితం మీద ఎత్తి వ్రాసుకొని, నిఘంటువు చూసి కింద అర్థాలు వేసుకున్నాడు. ‘కెర్నెల్ పానిక్’ కింద ‘గింజ, దిక్కుతోచని భయము’ అని ఉంది. ‘నాట్ సింకింగ్’ కింద ‘మునిగిపోవుట లేదు’ అని ఉంది. ‘అనేబుల్ టు మౌంట్ రూట్’ కింద ‘వేరును ఎక్కలేకపోవుట’ అని ఉంది.

“సార్, ఇది చచ్చిపోయినట్లేనా?” అని అడిగాడు.

ప్రతిపదార్థం ఉంది, తాత్పర్యం లేదు. ముప్పై ఏళ్లు పద్యాలు చెప్పినవాడిని. ఆ కాగితం చూస్తే, అన్వయం కుదరక నాలుగు పాదాలకూ విడివిడిగా అర్థాలు వ్రాసి వదిలేసిన పరీక్షాపత్రం వలె తోచింది. వాడూ నేనూ కలిసి, నిఘంటువు ఒక పక్క, లినక్స్ డాక్యుమెంటేషన్ ప్రాజెక్టు వారి హౌటూ పత్రాలు ఒక పక్క పెట్టుకొని రెండు రోజులు కూర్చున్నాము.

తేలినది ఇది. ‘సింక్’ అంటే ఇక్కడ మునగడం కాదు, జ్ఞాపకంలో ఉన్నదానిని డిస్కు మీది దానితో సరిచూసి వ్రాయడం. కెర్నెల్ అంటున్న మాటకు తాత్పర్యం: ‘నా మతి ఇప్పుడు సరిగా లేదు, కనుక నీ దస్త్రాల మీద చెయ్యి వేయను, ఉన్నవి ఉన్నట్లే ఆగిపోతున్నాను.’ భయపెట్టే మాట కాదు, మర్యాద గల మాట. ఇక ‘రూట్’ అనేది మొత్తం దస్త్రాల చెట్టుకు మొదలైన భాగం. దానిని చదివే ఉపకరణం కెర్నెల్‌లోనే కలిసి ఉండాలి. కుర్రవాడు కట్టుకున్న కెర్నెల్‌లో ఆ ఉపకరణం విడి భాగంగా తయారై, వెళ్లి ఆ డిస్కు మీదనే కూర్చుంది. తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్లు. ఇందుకే ఇనిట్‌ఆర్‌డీ అనే చిన్న మూటను కెర్నెల్‌తో పాటు ముందుగా జ్ఞాపకంలోకి దించే పద్ధతి వచ్చింది. తాళంచెవి ఆ మూటలో ఉంటుంది. వాడి కట్టుబడిలో ఆ మూట తయారు కాలేదు. పాత కెర్నెల్ ఇంకా డిస్కు మీదనే ఉంది. మొదటి పట్టికలో దానిని ఎంచుకోగానే యంత్రం లేచి కూర్చుంది. నెలరోజుల దిగులుకు విరుగుడు కింది బాణం గుర్తు మీట ఒక్కసారి నొక్కడం.

‘కెర్నెల్’ మాట మీద ఒక చిన్న ముచ్చట. యూనిక్స్ సంప్రదాయంలో లోపలి సారం కెర్నెల్, దాని చుట్టూ ఉండి మనతో మాట్లాడేది షెల్. ఇంగ్లీషు దేశాల పిల్లలకు ఇవి ఉపమానాలేమో గాని, అనంతపురం పిల్లలకు నిత్యానుభవం. కాయ ఒలిస్తే తొక్క ఒకవైపు, గింజ ఒకవైపు. ఈ ఒక్క ఉపమానం చెబితే మా వాళ్లకు యూనిక్స్ సగం అర్థమైపోతుంది. ఇక ‘బూట్’ అనేది ‘బూట్‌స్ట్రాప్’కు కురచ. తన బూటు పట్టెలు తానే పట్టుకొని తనను తాను పైకి లేపుకోవడమనే అసాధ్యపు పని దాని మూలార్థం. 1950లలోనే కంప్యూటరువారు ఆ మాట వాడారు. దీనికి ‘ప్రారంభించు’ అనే అనువాదం పేలవం. మనకు మేలుకొలుపు అనే చక్కని మాట ఉంది. నేను దానినే వాడుతాను.

మేలుకొలుపు చరిత్రలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టం లిలో. 1992లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ వ్రాసిన ఈ మేలుకొలుపరి 1990లంతా లినక్స్ యంత్రాలను లేపింది. పీసీక్వెస్ట్ వంటి పత్రికలతో వచ్చిన సీడీల ద్వారా లినక్స్ రుచి చూసినవారందరూ దాని ముఖం చూసినవారే. డిస్కు మొదటి గడి 512 బైట్లు. అందులో 64 బైట్లు విభజన పట్టికకు, చివరి రెండు బైట్లు ముద్రకు పోగా, మేలుకొలుపు మంత్రానికి మిగిలేది 446 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తింటుంది. లెక్క వేసి చూశాను. ఒక కంద పద్యం పడుతుంది, సీసం పట్టదు. అంత ఇరుకు చోటులో ‘ఫలానా చోట ఫలానా లోపం’ అని వాక్యం వ్రాసే వీలు ఎక్కడిది? కనుక ఆ రచయిత తన కార్యక్రమం పేరులోని నాలుగు అక్షరాలనే సందేశంగా మలిచాడు. పని ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా ఒక్కొక్క అక్షరం తెర మీద పడుతుంది.

ఏమీ పడకపోతే తొలి భాగమే లేవలేదు. ‘ఎల్’ పడి దాని పక్కన అంకెలు బారులు తీరితే తొలి భాగం లేచింది, రెండవ భాగాన్ని తేలేకపోయింది. ‘ఎల్ ఐ’ దగ్గర ఆగితే రెండవ భాగాన్ని తెచ్చింది గాని నడపలేకపోయింది. ‘ఎల్ ఐ ఎల్’ దగ్గర ఆగితే రెండవ భాగం నడిచింది, పట్టిక అందలేదు. ఆ మూడింటి పక్కన ప్రశ్నార్థకం ఉంటే రెండవ భాగం దిగవలసిన చోట దిగలేదు. అడ్డగీత ఉంటే పట్టిక చెడింది. నాలుగు అక్షరాలూ పడితే అంతా క్షేమం. వ్యాకరణంలో ఒక్క అనుబంధ వర్ణంతో ఇంత పని చేయించే పాణినీయుల పొదుపు గుర్తుకు వస్తుంది.

ఈ చదువు మా ప్రాంతపు నీరుగంటికి కొత్త కాదు. విజయనగర రాజుల కాలం నాటి బుక్కరాయసముద్రం వంటి చెరువుల కింద తూము తెరవడం, మడికి మడికి నీళ్లు పారించడం నీరుగంటి పని. చివరి మడికి నీళ్లు అందలేదని రైతు వచ్చి అరిస్తే అతడు చెరువు దగ్గరకు పరుగెత్తడు. కాలువ వెంబడి నడుచుకుంటూ పోయి తడి ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూస్తాడు. తడి ఆగిన చోటికి కాస్త పైననే గండి గాని పూడిక గాని ఉంటుంది. లిలో అక్షరాలు ఆ తడి గుర్తులే. యంత్రం ఎందుకు లేవలేదు అని తలపట్టుకోవడం కంటె, ఎంతదాకా లేచింది అని అడగడం దారి చూపుతుంది. ఆ కుర్రవాడికి నేను అప్పటి నుండి చెబుతూ వచ్చిన మాట ఇదొక్కటే.

లిలోకు ఒక మొండితనం ఉండేది. దానికి దస్త్రాల పేర్లు తెలియవు. కెర్నెల్ డిస్కు మీద ఏ గడులలో ఉందో ఆ అంకెలను మాత్రమే ముందుగా వ్రాసి పెట్టుకొని మేలుకొలిపేది. కొత్త కెర్నెల్ పెట్టి, లిలోను మళ్లీ ఒకసారి నడిపి అంకెలు తిరగ వ్రాయించకపోతే, మరుసటి ఉదయం అది పాత చిరునామాకే పోయి తలుపు కొట్టేది. పాత బయోస్‌ల మూలంగా 1024వ సిలిండరు దాటిన చోట కెర్నెల్ ఉంటే చేరుకోలేకపోవడం మరొక బాధ. సర్ థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉండి పొలాలన్నీ కొలిపించాడు. ఆ తరువాతి కాలంలో మా తాతల భూములు ‘చింతమాను చేను’, ‘గుడి వెనక మడి’ అనే పేర్లతో గాక సర్వే నంబర్లతో కచేరీ దస్త్రాలకెక్కాయి. నంబరు కచ్చితమైనదే. కాని చేను మారితే నంబరు తనంత తాను మారదు, ఎవరో పోయి తిరగ వ్రాయించాలి. లిలోది సర్వే నంబరు మతం.

దానికి భిన్నంగా 1995లో ఎరిక్ బొలీన్ మొదలుపెట్టిన గ్రబ్ దస్త్రవ్యవస్థను తానే చదవగలదు. ఫలానా సంచిలో ఫలానా పేరుగల కెర్నెల్ తీసుకురమ్మంటే పోయి వెతికి తెస్తుంది. 1999 నుండి అది గ్నూ ప్రాజెక్టులో భాగమై క్రమంగా లిలోను పక్కకు నెట్టింది. లిలో అభివృద్ధి 2015 డిసెంబరుతో ఆగిపోయింది.

పేర్లు వచ్చినంత మాత్రాన బాధలు తీరలేదు, పేర్లూ మారాయి. లినక్స్‌లో పాత ఐడీఈ డిస్కుకు ‘హెచ్‌డీఏ’ అని, స్కజీ జాతి డిస్కుకు ‘ఎస్‌డీఏ’ అని పేర్లు ఉండేవి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మోడెంకు పంపవలసిన డయలింగు ఆజ్ఞను పొరబాటున డిస్కు పేరుకు పంపి తన మినిక్స్ భాగాన్ని చెరుపుకున్నాడు. ఆ తరువాత అతడు మినిక్స్‌ను తిరిగి పెట్టుకోక పూర్తిగా లినక్స్ మీదనే ఉండిపోయాడు. పేరు తేడాకు ఉన్న శక్తి అది. 2007 ప్రాంతంలో ఆ రెండు జాతుల డిస్కులనూ ఒకే చోదకం కిందకు తెచ్చారు. ఫెడోరా 7 వంటి పంపిణీలలో నిన్నటి హెచ్‌డీఏ ఈ రోజు ఎస్‌డీఏ అయింది. డిస్కు అదే, తీగ అదే, పెట్టె అదే. పేరు ఒక్కటి మారేసరికి, పాత పేరును నమ్ముకొని వ్రాసిన పట్టికలన్నీ దారి తప్పాయి. యంత్రాలు మళ్లీ ‘రూట్’ దొరకలేదంటూ నిలబడ్డాయి. ఇల్లు కదలకపోయినా వీధి పేరు మార్చినందుకు పోస్టుమాన్ వెనక్కు పోయినట్లు.

దానికి విరుగుడు యూయూఐడీ. ప్రతి విభాగానికీ, దానిని సిద్ధం చేసేటప్పుడే 32 షోడశాంకాల పొడవైన సంఖ్య ఒకటి చెక్కి పెడతారు. డిస్కును ఏ తీగకు తగిలించినా, ఏ వరుసలో పెట్టినా ఆ సంఖ్య మారదు. ఇది గోత్రం వంటిది. ఊరు మారినా, ఇంటి నంబరు మారినా వెంట వస్తుంది. నోటికి తిరగదు గాని నమ్మదగినది.

పూజకు కూర్చున్నవాడు సంకల్పంలో దేశకాలాలు చెప్పుకుంటాడు. తానెక్కడ ఉన్నాడో, ఇది ఏ ఏడు, ఏ మాసమో పలికిన తరువాతనే పని మొదలు. యంత్రానికీ ఈ రెండూ కావాలి. ఇంతవరకు చెప్పినవన్నీ దేశం తెలియని బాధలు. కాలం తెలియని బాధ ఇంకొకటి ఉంది. మా ఊళ్లలో పాత యంత్రాలకు అది ఎక్కువ.

కంప్యూటరు ప్రధాన ఫలకం మీద రూపాయి బిళ్లంత మూడు వోల్టుల ఘటం ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. పాత యంత్రాలలో అది ఎండిపోతే, లేచిన ప్రతిసారీ గడియారం తన పుట్టిన తేదీకి పోతుంది. అప్పుడు ఎఫ్ఎస్‌సీకే అనే పరీక్షకుడు డిస్కును చూసి ‘దీనిని చివరిసారి వాడిన తేదీ భవిష్యత్తులో ఉంది’ అని అడ్డం తిరుగుతుంది. దానిని బుజ్జగించి లోపలికి పోయి ఏదైనా కట్టబోతే, మేక్ అనే కట్టుబడి మేస్త్రీ ‘క్లాక్ స్క్యూ డిటెక్టెడ్’ అంటాడు. ఏ దస్త్రం ముందు మారింది, ఏది తరువాత మారింది అని తేదీలను పోల్చి, మారినవాటినే తిరగ కట్టడం మేక్ పద్ధతి. తేదీలు తారుమారైతే, కట్టవలసినది కట్టదు, కట్టనక్కరలేనిది కడుతుంది. మేలుకొలుపులో ఒక చిక్కు, కట్టుబడిలో ఒక చిక్కు. పైకి ఏ సంబంధమూ లేని రెండు రోగాలకు మూలం ఒక చిన్న ఘటం. దీనిని కనిపెట్టక మొత్తం వ్యవస్థను నాలుగైదుసార్లు తిరగ పెట్టినవారిని నేను చూశాను.

ఇక కరెంటు కోతలు. 2000ల తొలి ఏళ్లలో కరువూ కోతా జంటగా ఉండేవి. డిస్కు మీద వ్రాత సగంలో ఉండగా దీపం ఆరిపోయేది. 1993 నాటి ఈఎక్స్‌టీ2 దస్త్రవ్యవస్థలో, అలా ఆరిన తరువాత లేవాలంటే డిస్కు మొత్తం మూల మూలా వెతకాలి. వెతుకులాట ముగిసేలోపల మళ్లీ కోత! కొన్నిసార్లు పరీక్షకుడు చేతులెత్తేసి ‘రూట్ సంకేతపదం ఇచ్చి నీవే బాగుచేసుకో’ అని నల్ల తెర మీద వదిలేసేవాడు. 2001 నవంబరులో వెలువడిన 2.4.15 కెర్నెల్‌తో ఈఎక్స్‌టీ3 వచ్చి ఈ బాధను చాలావరకు తీర్చింది. దాని రహస్యం మా బజారు షావుకార్లందరికీ తెలిసినదే. షావుకారు ఏ బేరమైనా ముందు చిట్టాలో గీకి, తీరిక దొరికినప్పుడు ఆవర్జాలోకి ఎత్తుతాడు. మధ్యలో దీపం ఆరితే, చిట్టాలో చివరి వరుస చూసుకొని ఆవర్జా సరిచేసుకుంటాడు. కొట్టు మొత్తం సరుకు లెక్కపెట్టడు. ఈఎక్స్‌టీ3 డిస్కులోనే ఒక చిట్టా పెట్టింది. ఇంగ్లీషువారు ‘జర్నల్’ అన్నదానిని మనవారు కొందరు ‘పత్రిక’ అని అనువదించగా చూశాను. చిట్టా అని ఉంటే కిరాణా కొట్టు గుమాస్తాకు కూడా తెలిసేది.

కట్టుబడి సంగతికి వస్తే, మేక్‌ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ వ్రాశాడు. అందులో ఆజ్ఞ వరుసకు ముందు ట్యాబ్ ఉండాలి, ఖాళీలు ఉంటే కుదరదు. కంటికి రెండూ ఒకటే. ఖాళీలు పడితే ‘మిస్సింగ్ సెపరేటర్’ అని ఆగిపోతుంది. ఇది మంచి పద్ధతి కాదని ఆయనకు త్వరలోనే తెలిసింది. కాని అప్పటికే డజను మంది వాడుకరులు ఉన్నారట. వారిని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక వదిలేశాడు. ఆ పన్నెండు మంది మొహమాటానికి, తరువాతి యాభై ఏళ్లుగా లక్షలమంది కనబడని అక్షరం కోసం కళ్లు చికిలించుకుంటున్నారు.

మనకు మాత్రం ఇది విచిత్రం కారాదు. ‘సాఫ్ట్‌వేర్’ అని వ్రాసేటప్పుడు ‘ట్’కూ ‘వే’కూ నడుమ కనబడని అక్షరం ఒకటి పెట్టకపోతే అది ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుందని తెలుగులో టైపు చేసేవారందరికీ తెలుసు. చూపుకు శూన్యం, అర్థానికి ప్రాణం. తాళపత్రాలు పరిష్కరించినవారికి ఇంకా బాగా తెలుసు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి ఒకే గ్రంథానికి పలు ప్రతులు సేకరించి, పాఠాంతరాలు గుర్తింపజేసి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఏ ప్రతిలో ఏ అక్షరం తేడా, ఆ తేడా లేఖకుడి చేతిజారుడా, కర్త ఉద్దేశమా అని తేల్చడమే ఆ పని. రెండు మూల దస్త్రాలను పక్కపక్కన పెట్టి తేడా చూపే డిఫ్, ఆ తేడాను మాత్రమే మరొక ప్రతికి ఎక్కించే ప్యాచ్ చేసేదీ అదే. ప్యాచ్‌ను 1985లో లారీ వాల్ వ్రాశాడు. కంప్యూటరు చదువు లేని నాకు ఈ విద్య పరాయిదిగా తోచకపోవడానికి కారణం పండిత శిక్షణలోని పాఠపరిష్కారమేనని నా నమ్మకం.

ఇప్పుడు అసలు వివాదానికి వస్తాను. 2005లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన స్వేచ్ఛ ప్రాజెక్టులో ఇంజనీరింగు విద్యార్థులు, ఉద్యోగులు ఎందరో కూర్చొని లినక్స్ మెనూలను తెలుగులోకి తెచ్చారు. పిల్లల కోసం బాల స్వేచ్ఛ వచ్చింది. ఆ శ్రమకు చేతులెత్తి నమస్కరిస్తాను. కాని దోషసందేశాల దగ్గర నా అభిప్రాయం వేరు. అన్నింటినీ అనువదించాలని కొందరు, ఏదీ అనువదించరాదని కొందరు వాదిస్తారు. మామూలు కార్యక్రమాల సందేశాలు గెట్‌టెక్స్ట్ అనే ఏర్పాటు గుండా తెలుగులోకి మారతాయి. కెర్నెల్ సందేశాలు ఆ దారిన పోవు, అవి మూలంలో ఎలా ఉన్నాయో అలాగే తెర మీదికి వస్తాయి. ఒక విధంగా అది మంచిదే. ‘కెర్నెల్ పానిక్’ అని వ్రాసుకుంటే ప్రపంచంలో ఆ బాధ పడిన వేలమంది అనుభవం దొరుకుతుంది. దానిని ‘గింజ గాభరా’ అని మార్చి చూపితే ఆ కుర్రవాడు నవ్వుకొనేవాడేమో గాని, వాడికి విరుగుడు ఎక్కడా దొరికేది కాదు.

మన పూర్వులు ఈ చిక్కును ఎప్పుడో విప్పారు. మూలం మీద చెయ్యి వేయరు. పక్కన టీక వ్రాస్తారు. సంస్కృత మూలం ఉన్నది ఉన్నట్లు నిలిచి ఉంటుంది, చదవరి తన భాషలో ప్రతిపదార్థం, తాత్పర్యం చదువుకుంటాడు. దోషసందేశానికి కావలసినది అనువాదం కాదు, టీక. ‘అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్’ అన్నది మూలం. టీక: ఇనిట్ అనగా అన్ని పనులకూ తల్లి అయిన మొదటి పని, అది ఆగిపోరాదు, ఏ కారణం చేతనో ఆగిపోయింది, ఇనిట్ దస్త్రం గాని దానికి కావలసిన గ్రంథాలయ దస్త్రాలు గాని చెడి ఉండవచ్చు, సీడీతో గాని పెన్‌డ్రైవుతో గాని లేచి వాటిని చూడుము, నీ వ్రాతలు క్షేమం. ‘ఆర్ఫన్ ఐనోడ్’ అన్నది మూలం. టీక: ఏ సంచిలోనూ పేరు మిగలని దస్త్రపు అవశేషం, తుడిచివేయబడుతున్నది, దిగులు వలదు. కిల్, ఆర్ఫన్, ఫేటల్ అనే మాటలు విని బెదిరిన పల్లె పిల్లవాడికి ఆ చివరి ముక్క అన్నింటికంటె అవసరం.

ఆ కుర్రవాడితో కూర్చున్న రెండు రోజుల నుండి నేను అటువంటి టీకలు ఒక నోటుపుస్తకంలో వ్రాసుకుంటూ వచ్చాను. ఉబుంటువారు 2011 వరకు ఉచితంగా టపాలో సీడీలు పంపేవారు. అవి వచ్చినప్పుడల్లా పాఠశాలలో పిల్లలకు పంచి, ఎవరికి ఏ సందేశం ఎదురైనా ఎత్తి వ్రాసుకు రమ్మనేవాడిని. రెండు వందల పుటల పుస్తకం నిండింది. మూలం తెలుగు అక్షరాలలో ఉచ్చారణతో, కింద ఇంగ్లీషు అక్షరాలలో, ఆపైన తాత్పర్యం, విరుగుడు. ఆ కుర్రవాడే తరువాత సగం టీకలు దిద్దాడు. ఇప్పుడు వాడు బెంగళూరులో ఇటువంటి పనిలోనే ఉన్నాడు.

కొత్త యంత్రాల తీరు వేరు. 2009లో ఉబుంటు 9.10 నుండి రెండవ తరం గ్రబ్ వచ్చింది. బయోస్ పోయి యూఈఎఫ్ఐ వచ్చింది. 2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ వచ్చి, సంతకం లేని కెర్నెల్‌ను గుమ్మంలోనే ఆపడం మొదలైంది. పైగా ఇప్పుడు మేలుకొలుపు సందేశాలను అందమైన బొమ్మ వెనక దాచేస్తున్నారు. యంత్రం నిలిచిపోతే ఎంతదాకా లేచిందో తెలియదు, బొమ్మ మాత్రం తిరుగుతూ ఉంటుంది. గ్రబ్ పట్టికలో ‘ఈ’ నొక్కి, కెర్నెల్ వరుస చివర ఉన్న ‘క్వయట్ స్ప్లాష్’ అనే రెండు మాటలు చెరిపి లేపితే తెర తొలగి అక్షరాలు కనబడతాయి. నా పుస్తకంలో ఈ మధ్య ఎక్కువసార్లు చేరుతున్నది ‘గ్రబ్ రెస్క్యూ’. విండోస్ తిరగ పెట్టినప్పుడో, విభాగాలు అటూ ఇటూ చేసినప్పుడో గ్రబ్ తొలి భాగానికి తన మిగతా శరీరం కనబడక ఆ స్థితిలో నిలుస్తుంది. ‘ఎల్ఎస్’ అని కొట్టి ఏ విభాగంలో బూట్ సంచి ఉందో వెతికి, ‘సెట్’తో రూట్, ప్రిఫిక్స్ రెండింటినీ అక్కడికి మళ్లించి, ‘ఇన్స్‌మాడ్ నార్మల్’, ఆపైన ‘నార్మల్’ అంటే పట్టిక తిరిగి వస్తుంది. లేచిన తరువాత గ్రబ్‌ను తిరగ నాటడం మరువరాదు.

ఆ స్థితికి తెలుగులో పేరు పెట్టవలసి వచ్చి ‘తూము దగ్గర నిలిచింది’ అని వ్రాసుకున్నాను. పొట్టిగా, మంత్రంలా ఉండే మాట ఎవరికైనా తట్టితే తెలుపగలరు, పుస్తకంలో దిద్దుకుంటాను.